మా తమ్ముడి నంబరుకు వెళ్లే కోడ్

నేను బ్లాగులు రాసేవాళ్ల కోసం బ్లాగు రాస్తాను. ఈ మాట చెబితే మా వీధిలో ఎవరికీ అర్థం కాదు. అర్థమైనవాళ్లు, ఈ రోజుల్లో కూడా బ్లాగులు ఎవరు రాస్తున్నారండీ అని నవ్వుతారు. రాస్తున్నారు. రిటైరైన లెక్కల మాస్టర్లు రాస్తున్నారు, వంట చేసి ఫొటో పెట్టే ఇల్లాళ్లు రాస్తున్నారు, ఎవరూ అచ్చు వెయ్యని కవుల సంగతి ఇక చెప్పక్కర్లేదు. వీళ్లందరికీ ఏదో ఒక పూట ఏదో ఒకటి చెడిపోతుంది. అక్షరాలు డబ్బాలుగా కనిపిస్తాయి, ఫొటోలు మాయమవుతాయి, వ్యాఖ్యల్లో ఎక్కడినుంచో లాటరీ ప్రకటనలు వచ్చి పడతాయి. అప్పుడు నా దగ్గరికి వస్తారు.

పగలంతా నెల్లూరు ట్రంకురోడ్డులో ఒక డీటీపీ సెంటరులో పెళ్లి పత్రికలు, సంతాపం ఫ్లెక్సీలు తయారుచేస్తాను. సాయంత్రం ఇంటికొచ్చి, కొత్తగా ఏ ఫాంటు వచ్చింది, ఏ కంపెనీ ఉచితంగా ఇచ్చే జాగా తగ్గించింది, ఏ మీట నొక్కితే ఏ తలనొప్పి వదులుతుంది అని రాస్తాను. నాకు ఓపిక తక్కువ. చెప్పింది చెయ్యకుండా మళ్లీ అదే అడిగేవాళ్లంటే ఒళ్లు మండుతుంది. మీ బ్లాగుకు నకలు తీసి పెట్టుకోండి, ఎవరి జాగాలోనో ఉన్నది మీది కాదు అని ఎన్నేళ్లుగానో నెత్తీనోరూ కొట్టుకుంటున్నాను. చాలా ఉపయోగకరమైన సమాచారం, ధన్యవాదాలు అని కింద రాసి వెళ్లిపోతారు. ఒక్కరూ తీసుకోరు.

మా తమ్ముడూ తీసుకోలేదు.

వాడిది రొయ్యల గుంటల్లో ఏరేటర్లు బిగించి బాగుచేసే పని. నీళ్లను చిలికి గాలి కలిపే యంత్రాలవి, అవి ఆగిపోతే పూట తిరక్కుండా రొయ్య చచ్చి తేలుతుంది. తోటపల్లి గూడూరు మండలంలో సముద్రం వైపున్న గుంటల వాళ్లందరి ఫోన్లలోనూ వాడి నంబరు ఉండేది. పెళ్లయ్యాక ఆ చుట్టుపక్కలే ఒక ఊళ్లో ఇల్లు తీసుకున్నాడు. పని లేని మధ్యాహ్నాలు గట్టు మీద షెడ్డు నీడలో కూర్చుని ఫోన్లో బ్లాగు రాసేవాడు. తెలుగు కీబోర్డు నేర్పింది నేనే, బ్లాగు తెరిచి ఇచ్చిందీ నేనే. నేర్పిన రోజు నుంచి నాకు ఒక్క మెసేజ్ కూడా ఇంగ్లీషు అక్షరాల్లో పంపలేదు, వాయిస్ మెసేజ్ అసలే పంపలేదు. ఒత్తులతో సహా టైపు చేసేవాడు. అదొక గర్వం వాడికి. నా బ్లాగును మాత్రం మెకానిక్ షెడ్డు అనేవాడు. నువ్వు కూడా నాలాగా మెకానిక్కువే అక్కా, నీ చేతులకు గ్రీజు అంటదు, అంతే తేడా అనేవాడు.

వాడు ఏం రాసేవాడంటే, గుంట నీళ్లు రంగు మారితే ఏం చెయ్యాలో రాసేవాడు. మేత ఎక్కువేసి రొయ్య లావెక్కుతుందని మురిసిపోయే ఆసాములను ఎగతాళి చేసేవాడు. కాపలా ముసలాయన కుక్క గురించి వరసగా మూడు పోస్టులు రాశాడు. తీరా చూస్తే వాటికే ఎక్కువమంది వ్యాఖ్యలు రాశారు. నేను కష్టపడి రాసిన ఫాంటు వ్యాసాలకు ఎప్పుడూ అంతమంది రాలేదు. నాకు కాస్త కుళ్లుగానే ఉండేది.

గుంటల మీద పనిచేసేవాళ్లలో చదవలేనివాళ్లు చాలామంది. మా మరదలు, అంటే వాడి భార్య, ఐదో తరగతితో ఆపేసింది. పుస్తకంలో పెద్ద అక్షరాలైతే కూడబలుక్కుంటుంది, ఫోన్లో చదవాలంటే విసుగు. ఆమె దగ్గరున్నది కూడా మీటల ఫోనే. అందుకని వాడు ప్రతి పోస్టునూ తన గొంతుతో చదివి, ఆ శబ్దాన్ని పోస్టు పైన పెట్టేవాడు. అలా పెట్టుకోవడానికి వీలున్న చోటు వెతికి చెప్పింది నేనే. ఎక్కడో బయటి దేశంలో ఉన్న చిన్న సంస్థ అది, వాడి బ్లాగు మొత్తం అక్కడే ఉండేది, ఉచితం, ఎంత గొంతైనా పెట్టుకోవచ్చు.

వాడు చదివేటప్పుడు మరదలు పక్కనే వంట చేస్తుండేది. ఆ రికార్డుల్లో వాడి మాటల వెనక గిన్నెల చప్పుడు, తిరగమోత చిటపట, మధ్యలో వాడు చదవడం ఆపి ఉప్పు వేసినావా అని అడగడం, అన్నీ ఉండేవి. వెనక చప్పుళ్లు తీసేసే టూలు ఒకటి వచ్చిందిరా, వాడి చూడు అని లింకు పంపాను. వాడి చూశాడట. అన్నీ పోయి వాడి గొంతు ఒక్కటే మిగిలితే, ఇదేందక్కా ఆస్పత్రిలో మాట్లాడినట్టుండాది అని రాశాడు. మళ్లీ గిన్నెలతోనే పెట్టాడు.

గొడవ ఒక పోస్టు మీద వచ్చింది. జబ్బు పడిన గుంట నీళ్లను మందు కొట్టకుండా కాలవలోకి వదిలేస్తున్నారని, ఆ కాలవ నీళ్లే పక్క గుంటలవాళ్లు తోడుకుంటున్నారని రాశాడు. పేర్లు రాయలేదు. కానీ గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు కొందరు ఇంటి మీదికొచ్చి కేకలేశారు. మరదలు భయపడింది. కొన్నాళ్లు మూసిపెట్టయ్యా, నాకోసం అని అడిగింది. వాడు సరేనని బ్లాగు మొత్తం తనకు తప్ప ఎవరికీ కనపడకుండా మీట నొక్కాడు. కోపంలో ఎవడైనా లోపలికి దూరి పాడుచేస్తాడేమోనని నేను రెండో తాళం కూడా వేయించాను. అంటే పాస్‌వర్డు కొట్టాక ఫోన్‌కు ఒక కోడ్ వస్తుంది, అదీ కొడితేనే తెరుచుకుంటుంది. నా పాఠకులందరికీ చెప్పే మాటే అది. ఇప్పటికీ చెబుతున్నాను.

పది రోజులాగి మళ్లీ తెరుస్తా అక్కా, వేడి తగ్గనీ అని రాశాడు.

ఆ పది రోజుల్లోపే, వాన కురిసి వెలిసిన ఒక ఉదయం, గట్టు మీద తెగిన కరెంటు తీగ వాడిని చంపేసింది. దాని గురించి నేను ఇంతకన్నా రాయలేను. చాలాసార్లు ప్రయత్నించాను.

మా కుటుంబంలో ఒక అలవాటుంది. పోయినవాళ్లు వదలకుండా వాడుకున్న వస్తువు ఒకటి సమాధి పెట్టెలో వాళ్లతో పెడతాం. మా నాయనకు కళ్లజోడు పెట్టాం, మేనత్తకు ఆమె పాటల పుస్తకం. పాస్టరుగారు ప్రార్థన ముగించాక మరదలు ముందుకొచ్చి, వాడి ఫోన్‌ను కొంగుతో తుడిచి చొక్కా జేబులో పెట్టింది. నిద్ర లేస్తానే జేబు తడుముకుంటాడు వదినా అన్నది. అక్కడున్నవాళ్లందరూ భోరుమన్నారు. నేనూ ఏడ్చాను. తాళాల గురించి, తాళంచెవుల గురించి ఊరందరికీ చెప్పేదాన్ని, ఆ ఫోన్లో ఏం వెళ్లిపోతోందో నాకు తట్టలేదు. ఆ క్షణంలో తట్టి ఉన్నా, ఆమె చేతిలోంచి దాన్ని తీసుకునే ధైర్యం నాకు ఉండేది కాదు.

నెలలు గడిచాయి. మరదలు పచ్చిచేపల బేరానికి వెళ్లడం మొదలుపెట్టింది. మధ్యమధ్యలో నెల్లూరు వచ్చి నా దగ్గర ఒక పూట కూర్చుని వెళ్లేది. పెద్దగా మాట్లాడేది కాదు. ఒకరోజు నేను అన్నం వడ్డిస్తుంటే కంచం వైపు చూస్తూ, "వదినా, ఆయన మొకం కనపడతా ఉండాది. గొంతు మాత్రం గుర్తుకు రావడంలా" అన్నది. ఎంత తల్చుకున్నా వేరేవాళ్ల గొంతులే వినపడుతున్నాయట. పెళ్లి వీడియోలో ఏమైనా ఉందేమోనని వెతికించిందట. అందులో అంతా పాటలు, బ్యాండు, వాడు నవ్వుతూ తలూపడమే ఉంది.

నాది ఒక రకమైన బుద్ధి. ఎవరైనా ఏడిస్తే ఓదార్చడం రాదు, ఏదో ఒకటి బాగుచెయ్యాలనిపిస్తుంది. ఏడవబాకమే, బ్లాగులో అన్నీ ఉన్నాయి, నేను తెరిచి వినిపిస్తా అన్నాను. ఆమె అన్నం కలపడం ఆపి నా మొహంలోకి చూసింది. అప్పటిదాకా ఆమెకు ఆ సంగతి తట్టనే లేదు. వాడి గొంతు వాడి ఫోన్లోనే ఉండేదని అనుకుంది, దాన్ని తానే పూడ్చిపెట్టాననుకుంది. ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నది.

తెరవడం నా వల్ల కాలేదు. పాస్‌వర్డు నాకు తెలుసు. అది కొట్టగానే, మీ ఫోన్‌కు కోడ్ పంపాం అని వచ్చింది. నంబరులో చివరి రెండంకెలు చూపించింది, అవి వాడివే. ఫోన్ పోతే వాడుకోమని ఇచ్చే అత్యవసర కోడ్లు కూడా ఉంటాయి. వాటిని అందరూ చేసినట్టే వాడూ స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్లో దాచుకుని ఉంటాడు. పాత పేజీలను దాచిపెట్టే వెబ్‌సైట్లలో వెతికాను. కుక్క గురించిన పోస్టు ఒకటి దొరికింది. పైన వినండి అనే మీట కూడా ఉంది. నొక్కితే ఏమీ రాదు.

తొందరేముంది, మెల్లగా చూద్దాంలే అనుకుంటుండగా, నా పని నేను చేసుకుంటూ వార్తలు వెతుకుతున్నప్పుడు కనపడింది. తమ్ముడి బ్లాగున్న ఆ బయటి దేశపు సంస్థ మూతపడుతోంది. ఫలానా తేదీ తర్వాత బ్లాగులన్నీ చెరిపేస్తామని, ఎవరివి వాళ్లు దింపుకోవాలని ప్రకటన. అలవాటు ఎక్కడికి పోతుంది, ముందు దాన్ని తెలుగులో రాసి నా బ్లాగులో పెట్టాను. ఎక్కడ నొక్కాలి, ఫైలు ఎక్కడ దిగుతుంది, గొంతు ఉన్న పోస్టులను విడిగా ఎలా దింపుకోవాలి అన్నీ బొమ్మలతో సహా వివరించాను. ఆ ఒక్కసారి మాత్రం జనం నా మాట విన్నారు. అక్కా మీవల్ల నా పదేళ్ల రాతలు బతికాయి అని ఒకాయన, మా అమ్మ పాడిన పాటలు దొరికాయి మేడమ్ అని ఒకామె. అందరికీ సంతోషం అని జవాబు రాశాను. రాస్తూ, వాళ్ల మీద కోపంతో పళ్లు నూరుకున్నాను.

సంస్థకు ఉత్తరాలు రాశాను. మరణ ధ్రువపత్రం పంపాను. మీ విన్నపం మాకు చాలా ముఖ్యం అని యంత్రం జవాబిచ్చింది. మళ్లీ రాస్తే మళ్లీ అదే. ఇక మిగిలింది వాడి నంబరుతో సిమ్ము తీసుకోవడం. దానికి వారసుల కాగితాలు కావాలంటే మరదలు మండలాఫీసు చుట్టూ తిరిగి తెచ్చింది. అవి తీసుకుని ఫోన్ కంపెనీ ఆఫీసుకు వెళ్తే, కౌంటరులో అమ్మాయి కంప్యూటర్లో చూసి, ఈ నంబరు రీఛార్జి లేక ఆగిపోయింది మేడమ్, వేరేవాళ్లకు ఇచ్చేశారు అన్నది. మరదలు ఆశ్చర్యపోలేదు. అప్పుడు నేను అది గమనించినా పట్టించుకోలేదు.

బయటికొచ్చి మెట్ల మీద నిలబడే ఆ నంబరుకు ఫోన్ చేశాను. ఒక ఆడమనిషి ఎత్తింది. నేను గొంతు మెత్తగా చేసుకుని, అమ్మా, మీ ఫోన్‌కు ఒక కోడ్ వస్తుంది, అది కొంచెం చదివి చెబుతారా అని అడిగాను. ఆ వాక్యం నా నోట్లోంచి బయటికి వచ్చాక గానీ తెలియలేదు, అచ్చంగా దొంగలు చెప్పే వాక్యం అదే. ఇలా అడిగేవాళ్లు ఎవరైనా సరే ఫోన్ పెట్టేయండి, పోలీసులకు చెప్పండి అని నా బ్లాగులో పెద్దక్షరాలతో రాసి ఉంది. ఆమె సరిగ్గా అదే చేసింది. మళ్లీ చేస్తే, చచ్చినోళ్ల పేరు చెప్పి అడుక్కునేదానికి సిగ్గులేదా అన్నది. డీటీపీ సెంటరు ఫోన్‌తో చేస్తే నేనూ ఊరుకోలేదు, ఒంటికాలి మీద లేచాను. ఆ తర్వాత ఆమె ఎత్తడం మానేసింది. ఆమె ఎత్తినప్పుడల్లా నేను బ్లాగు తెరవబోయి పంపించమన్న కోడ్లు మాత్రం ఆమె ఫోన్‌కు చేరుతూనే వచ్చాయి.

నంబరు ఎవరిదో చూపించే యాప్ ఒకటుంది, దాన్ని నా పాఠకులకు వాడొద్దనే చెబుతాను. వాడాను. నాయుడుపేటలో ఒక టిఫిను కొట్టు అని చూపించింది. పోదాం పదమే, మనిషిని చూస్తే నమ్ముతుంది అని మరదలికి చెప్పాను. ఆమె వద్దన్నది. ఎందుకులే వదినా, ఆమెను ఇబ్బంది పెట్టేది అన్నది. మర్నాడు అడిగితే బేరముందన్నది, ఆ మర్నాడు తలనొప్పన్నది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నీ మొగుడి గొంతు కోసం నేను ఊళ్లు పట్టుకుని తిరగతా ఉంటే నీకు చీమ కుట్టినట్టు కూడా లేదే అని గట్టిగా అన్నాను. చివరికి గడువు ఆఖరి రోజున, పొద్దున్నే ఆటోలో నెల్లూరు వచ్చి నా గుమ్మంలో నిలబడింది.

నాయుడుపేటలో దిగి హైవే పక్కన ఇద్దరు ముగ్గురిని అడిగితే కొట్టు చూపించారు. టిఫిన్ల వేళ అయిపోయి, ఆమె ఒక్కతే ఇడ్లీ పాత్రలు తోముతోంది. నా వయసే ఉంటుంది. నేను ఎవరో చెప్పగానే చేతిలో పీచు కింద పడేసి లేచింది. నేను తమ్ముడి మరణ ధ్రువపత్రం, ఫొటో, ఆధార్ కార్డు, మొత్తం కట్ట ఆమె బల్ల మీద పెట్టాను. వాటిని తాకకుండా దూరం నుంచే చూసింది. తర్వాత తన గోడు చెప్పుకుంది. ఈ నంబరు తీసుకున్నప్పటి నుంచీ ఆమెకు మనశ్శాంతి లేదట. ఎవరో ఫోన్ చేస్తారట, ఎత్తి హలో అంటే మాట్లాడరట, ఊపిరి వినపడుతుందట, పెట్టేస్తారట. వారానికోసారైనా వస్తుందట. ఆ తర్వాత కోడ్ల మెసేజ్‌లు మొదలయ్యాయట. ఆ తర్వాత నేను. భయపడి, మొన్న ఆ సిమ్మును కత్తెరతో కత్తిరించి పొయ్యిలో వేసి, కొత్త నంబరు తీసుకుందట.

మరదలు బెంచీ మీద కూర్చుండిపోయింది. తలెత్తకుండానే, "ఆ ఫోన్ చేసింది నేనే అక్కా" అన్నది.

అప్పుడు చెప్పింది, కొట్టామెకో నాకో తెలియనట్టుగా, నేల చూపులు చూస్తూ. వాడిని పూడ్చిన రోజు సాయంత్రం ఇంటికొచ్చి ఆ నంబరుకు చేసిందట. మోగిందట. మర్నాడూ మోగిందట. తర్వాత స్విచ్చాఫ్ అని వచ్చిందట. అయినా అలవాటుగా చేస్తూనే ఉందట, అన్నం వండుతూ, చేపలు గంపకెత్తుతూ. నెలల తరబడి స్విచ్చాఫే. ఒకరోజు చేస్తే మోగింది. కూర పొయ్యి మీద మాడిపోతుంటే కూడా చూడలేదట. ఆడమనిషి గొంతు వినపడేసరికి పెట్టేసిందట. ఆ తర్వాత తెలిసే చేసేదట.

నాయుడుపేటకు రావడానికి ఎందుకు వెనకాడిందో అప్పుడు తెలిసింది. నేను పిలిచిన రోజే వచ్చి ఉంటే సిమ్ము బతికే ఉండేది. ఆ సంగతి ఆమెకూ అప్పుడే తెలిసిందని ఆమె మొహం చూస్తే అర్థమైంది. ఆమెను తిట్టబుద్ధి కాలేదు. ముందు రోజుల్లో అన్న మాటలే చాలు.

కొట్టామె పొయ్యి ఆర్పింది. చేతులు కడుక్కుని, షట్టరు సగం దించి, "పదండమ్మా, అదే నంబరు మళ్లీ ఇస్తారేమో అడగదాం. నా ఆధార్ మీదే ఉండాది గదా" అన్నది. ఆ క్షణం ఆమె కాళ్లు పట్టుకోవాలనిపించింది. రెండు వీధుల అవతల సిమ్ముల దుకాణంలో ఆమె వేలిముద్ర వేసింది, ఫొటో దిగింది. గంటలోపే అదే నంబరు ఆమె ఫోన్లో లేచి కూర్చుంది. నేను నా ఫోన్లో పాస్‌వర్డు కొట్టి కోడ్ పంపమన్నాను. ముగ్గురం ఆమె ఫోన్ చుట్టూ నిలబడి చూశాం.

రాలేదు. మళ్లీ పంపమన్నాను. రాలేదు. దుకాణంలో అబ్బాయి మా అవస్థ చూసి ఏమైందని అడిగాడు. కొత్త సిమ్ము వేశాక ఒక రోజంతా మెసేజ్‌లు రావు మేడమ్, మోసాలు జరగకుండా అలా పెట్టారు, కాల్స్ మాత్రం వస్తాయి అన్నాడు. ఆ సంగతి నాకు తెలుసు, హడావిడిలో తట్టలేదు. మంచి పద్ధతి అని నేనే ఒకసారి మెచ్చుకుంటూ రాశాను. ఆ దుకాణంలో నిలబడి ఆ సంస్థ ఉన్న దేశపు గడియారం ప్రకారం లెక్కేశాను. ఎలా లాగినా గడువు మాకు తెల్లవారేసరికి అయిపోతుంది, మెసేజ్‌లు రావడానికి రేపు మధ్యాహ్నం దాటుతుంది. కోడ్‌ను ఫోన్ చేసి చెప్పే ఏర్పాటు ఆ సంస్థకు లేదు. ఉందేమోనని మళ్లీ మళ్లీ చూశాను.

అయిపోయింది. నాకు తెలిసిన టూళ్లన్నీ అయిపోయాయి. ఇంతమంది బ్లాగులు బాగుచేసినదాన్ని, నా తమ్ముడి గొంతు ఒక్క నిమిషం కూడా దక్కించుకోలేకపోయాను. దుకాణం ముందు స్టూలు మీద కూర్చుని, దారినపోయేవాళ్లు చూస్తున్నా సిగ్గుపడకుండా ఏడ్చాను. కొట్టామె నా వీపు మీద చెయ్యి వేసి, తప్పంతా తనదేనన్నట్టు మాట్లాడుతోంది. నీ తప్పేం లేదమ్మా, నువ్వు చేసిందే చెయ్యాల్సింది, నేను అందరికీ చెప్పేదీ అదే అన్నాను.

మరదలు ఏడవలేదు. తన మీటల ఫోన్ తీసింది. అంకెలు చూడకుండానే నొక్కింది. కొట్టామె చేతిలో ఫోన్ మోగింది. ఆమె ఉలిక్కిపడి మా ఇద్దరి వైపూ చూసి, ఎత్తడానికి వేలు పెట్టబోయింది. మరదలు ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది.

"ఎత్తబాక అక్కా" అన్నది. "మోగతా ఉన్నంతసేపు, ఇప్పుడు ఎత్తతాడు, ఇప్పుడు ఎత్తతాడు అని ఉంటాది నాకు. నువ్వు ఎత్తితేనే ఆయన లేడు."

కొట్టామె ఫోన్‌ను అలాగే పట్టుకుని నిలబడింది. అది మోగి మోగి ఆగింది.

"అప్పుడప్పుడు చేస్తా. నీకు ఇబ్బంది కాకపోతే మోగనీ" అని అడిగింది మరదలు.

ఆమె మరదలి నంబరును ఫోన్లో దాచుకుంది. మమ్మల్ని మళ్లీ కొట్టుకు తీసుకెళ్లి, వద్దంటున్నా దోసెలు పోసి పెట్టింది. బస్టాండు దాకా వచ్చి ఎక్కించింది. ఈ నంబరు మార్చను, రీఛార్జి ఆగనివ్వను అని కిటికీ దగ్గర నిలబడి మరదలికి చెప్పింది.

బస్సు హైవే ఎక్కాక మరదలు మళ్లీ ఫోన్ తీసింది. నన్ను దగ్గరికి జరగమని, దాన్ని మా ఇద్దరి చెవులకూ మధ్య పెట్టింది. మోగుతోంది. మా తమ్ముడు పని మీదుంటే ఎప్పుడూ ఆలస్యంగానే ఎత్తేవాడు. నేను కళ్లు మూసుకుని విన్నాను. నాయుడుపేటలో ఆమె ఎత్తలేదు.